శనివారం ఆట, మంగళవారం ఓటు, ఆదివారం ప్రార్థన: పందెంరాయుడి నోట్‌బుక్‌లో ఏముంటుంది?

నేను అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైరై చాలా ఏళ్లయింది. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నోట్‌బుక్, దాని స్ప్రింగులో దూర్చిన పొట్టి పెన్సిల్. శనివారం వచ్చిందంటే పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా కాలేజీ ఫుట్‌బాల్. ఒక్కో పందానికి నోట్‌బుక్‌లో ఒక్కో వరస: తేదీ, టీము, ఎన్ని పాయింట్లు, ఎంత కాశాడు, చివర్లో ప్లస్సో మైనస్సో. ఆటకీ ఆటకీ మధ్య ఖాళీలో రాజకీయాలు మాట్లాడేవాడు. బీరు రెండోది తెరిచాడంటే దేవుడి దాకా వెళ్లేవాడు. మూడింటి మీదా ఒకటే గొంతు, ఒకటే ధీమా. నోట్‌బుక్‌లో మాత్రం ఉన్నది ఫుట్‌బాల్ ఒక్కటే.

ఆ తేడా ఎందుకు పెద్దదో నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. ఈమధ్య అమెరికాలో పందెంరాయుళ్ల మాటకు గిరాకీ బాగా పెరిగింది. ఎన్నికలప్పుడు సర్వే అంకెల పక్కనే పందెం రేట్లు కూడా వార్తల్లోకి వస్తున్నాయి. జేబులోంచి డబ్బు తీసి పెట్టినవాడు ఊరికే మాట్లాడడు కదా అన్నది వాదన. అందులో నిజం ఉంది. ఎక్కడిదాకా ఉంది అన్నదే చిక్కు.

ముందు ఫుట్‌బాల్ సంగతి. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. పెద్ద స్థాయిలో ఆడే కాలేజీ టీములే 130కి పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని కొండలు, కొన్ని పిట్టలు. కొండకీ పిట్టకీ పోటీ పెడితే గెలిచేదెవరో అందరికీ తెలుసు, ఇక పందెం ఎవరు కాస్తారు? కోడిపందెంలో అయితే ఇలాంటప్పుడు రేటు మారుస్తారు. అమెరికా బుకీలు స్కోరునే మార్చారు. బలమైన టీము ఇన్ని పాయింట్ల తేడాతో గెలవాలి, అలా గెలిస్తేనే దాని మీద కాసినవాడికి డబ్బు. ఈ తేడానే పాయింట్ స్ప్రెడ్ అంటారు. 1940లలో చికాగోకు చెందిన చార్లెస్ మెక్‌నీల్ అనే ఆయన దీన్ని వాడుకలోకి తెచ్చాడని చెప్తారు. గోదావరి జిల్లాల్లో ఎన్నికలప్పుడు ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాకుండా మెజారిటీ ఎంత వస్తుందన్న దాని మీదా పందేలు కాస్తారు చూడండి, చట్టం ఒప్పుకోకపోయినా. లెక్క అదే.

స్ప్రెడ్ మనిషి బుర్రను ఎలా మార్చేస్తుందో ఒక్క ఆటలో చూపించొచ్చు. 2013 నవంబర్ 30, ఆబర్న్ ఊళ్లో ఆబర్న్‌కీ అలబామాకీ పోటీ. అలబామా అప్పటికి దేశంలో నంబర్ వన్. సుమారు 10 పాయింట్ల తేడాతో గెలవాలని బుకీల అంచనా. ఆట ఒక్క సెకను మిగిలి ఉండగా స్కోరు 28-28. అలబామా 57 గజాల దూరం నుంచి గోల్ కొట్టబోయింది, బంతి చేరలేదు. గోల్ కింద కాచుకుని ఉన్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క పరుగున తీసుకుపోయాడు. 34-28. ఎనభై వేల పైచిలుకు జనంలో సగం మంది మైదానంలోకి దూకినట్టే కనిపిస్తుంది వీడియోలో. అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకన్నా పేరున్న ముగింపు ఇంకోటి చెప్పడం కష్టం.

ఇప్పుడు ఆబర్న్ మీద 10 పాయింట్లు తీసుకుని కాసినవాడిని తల్చుకోండి. అంటే ఆబర్న్ ఓడినా సరే, తేడా 10 కన్నా తక్కువుంటే ఇతను గెలిచినట్టే. ఆ గోల్ పడి ఉంటే అలబామా 31-28తో గెలిచేది. అప్పుడూ ఇతని డబ్బు ఇతనికి వచ్చేది. ఆట అదనపు సమయానికి పోయినా వచ్చే అవకాశమే ఎక్కువ. ఊరు ఊరంతా గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ క్షణంలో ఇతను నోట్‌బుక్‌లో ప్లస్ వేసేసి ఫ్రిజ్ దగ్గరికి నడుస్తూ ఉండొచ్చు. ఎవరు గెలుస్తారన్నది అతని ప్రశ్నే కాదు. ఈ అంకె తప్పా, తప్పయితే ఎటువైపు తప్పు, అంతే.

అంకె తప్పని పట్టుకోవడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. మామూలుగా 100 డాలర్లు గెలవాలంటే 110 పెట్టాలి. ఆ పదే బుకీ బతుకుదెరువు. వంద పందేల్లో 52 గెలిచారనుకోండి. వచ్చింది 5,200, పోయింది 48 గుణించు 110, అంటే 5,280. సగానికి పైగా సరిగ్గా చెప్పి కూడా 80 డాలర్లు నష్టం. 53 గెలిస్తేనే లాభం మొదలు. ఇక నాలుగైదు ఆటలను కలిపి కాసే పార్లే ఉంది, ఫోన్ యాప్‌లు తెగ ఊరించేది దీన్నే. నాలుగూ సమాన అవకాశం ఉన్న పందేలైతే న్యాయంగా 1కి 15 రావాలి. ఇచ్చేది 1కి 12 చిల్లర. పెద్దాయన పార్లే కాసేవాళ్లను చూసి నవ్వేవాడు. తనూ నెలకోసారి కాసేవాడు, అది నోట్‌బుక్‌లో రాసేవాడు కాదు.

ప్రొఫెషనల్ లీగు కన్నా కాలేజీ ఆటల్లోనే తెలివైనవాడికి కొంచెం చోటు దొరుకుతుందంటారు. కారణాలు సాదాసీదావే. ఒక్క శనివారం యాభైకి పైగా ఆటలు, అన్నింటి మీదా బుకీ సమానంగా కళ్లు పెట్టలేడు. ఎవరికి గాయమైందో ప్రొఫెషనల్ టీములు బయటపెట్టి తీరాలి. కాలేజీలకు చాలా కాలం ఆ రూలే లేదు. బిగ్ టెన్ అనే కాలేజీల కూటమి 2023లో, ఎస్ఈసీ అనే ఇంకో కూటమి 2024లో మొదలుపెట్టాయి. పైగా ఆడేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. పరీక్షలు, ప్రేమలు, ఇంటి మీద బెంగ. 2021 నుంచి వాళ్లు తమ పేరుతో ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025 నుంచి కాలేజీయే నేరుగా ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. టీములు మారడం కూడా తేలికైంది. డబ్బొచ్చి ఆట పవిత్రత చెడిందని అభిమానులు ఏడుస్తుంటే పందెంరాయుడు ఎవడు ఏ టీముకు పోయాడో రాసుకుంటాడు. ఆ పవిత్రత గురించి నాకు పెద్దగా బెంగ లేదు గానీ, అందులో ఇతని నిర్లిప్తత చూస్తే కాస్త ఒళ్లు జలదరిస్తుంది. ఓడిన కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లో బూతులు రాసేది కూడా పందెం పోయినవాళ్లే.

ఈ ఆటలోకి రాజకీయం వెనక వాకిలి నుంచి ఏమీ రాలేదు. న్యూజెర్సీ సెనేటర్ బిల్ బ్రాడ్లీ ఒకప్పుడు న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఆయన పట్టుబట్టి 1992లో తెచ్చిన చట్టంతో నెవాడా, ఇంకో రెండు మూడు చోట్ల తప్ప ఆటల మీద పందేలకు దేశమంతా దారి మూసుకుపోయింది. దాన్ని కోర్టులో పడగొట్టింది కూడా న్యూజెర్సీయే. 2018 మే 14న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో పందెం సక్రమం. అంత పోరాడిన న్యూజెర్సీ తన సొంత కాలేజీల ఆటల మీద మాత్రం పందెం ఒప్పుకోదు. 2021లో ఆ నిషేధం తీసేద్దామా అని జనాన్ని అడిగితే వద్దన్నారు. ఇంకో చిత్రం: మసాచుసెట్స్ గవర్నర్‌గా 2022లో పందెం చట్టం మీద సంతకం పెట్టిన చార్లీ బేకరే మరుసటి ఏడాది కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏకు అధ్యక్షుడయ్యారు. కాలేజీ ఆటగాళ్ల మీద విడివిడిగా కాసే పందేలు ఆపండని రాష్ట్రాలను తిరిగి తిరిగి అడుగుతున్నారు.

మతం సంగతికొస్తే, ఏ రాష్ట్రంలో పందెం లేదో చూస్తే చాలు. యూటాలో లాటరీ టికెట్ కూడా దొరకదు, అక్కడ మార్మన్ చర్చి మాట బలం. అదే చర్చికి చెందిన బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఆదివారం ఏ ఆటా ఆడదు. ఆ టీములో చాలామంది కుర్రాళ్లు మధ్యలో రెండేళ్లు మతప్రచారానికి వెళ్లొస్తారు కాబట్టి ఎదుటి టీము కన్నా వయసులో పెద్దవాళ్లు. భక్తుడికి అది సేవ. పందెంరాయుడికి అదే 20 ఏళ్ల కుర్రాడి ముందు 24 ఏళ్ల కండలు. క్యాథలిక్కులది ఇంకో తీరు. జూదం దానంతట అది పాపం కాదని, ఇంట్లోవాళ్లకు కావాల్సినది ఊడ్చుకుపోయేదాకా వస్తేనే తప్పని ఆ చర్చి బోధ. వాళ్ల నోటర్‌డామ్ యూనివర్సిటీలో స్టేడియంలోంచి కనబడేలా లైబ్రరీ గోడ మీద చేతులు పైకెత్తిన క్రీస్తు చిత్రం ఉంది. టచ్‌డౌన్ అయిందని, అంటే బంతి చివరి గీత దాటిందని, అంపైర్ చేతులెత్తినట్టే ఉంటుందని జనం దాన్ని టచ్‌డౌన్ జీసస్ అంటారు. కాలేజీ ఆ పేరు పెట్టలేదు, కానీ దాని వల్ల నష్టపోయిందీ లేదు.

అలబామా మరీ విచిత్రం. ఫుట్‌బాల్‌ను అంత పూజించే రాష్ట్రంలో పందెం చట్టబద్ధం కాదు, లాటరీ కూడా లేదు. 1999లో గవర్నర్ డాన్ సీగల్‌మన్ లాటరీ డబ్బుతో పిల్లలను చదివిస్తానని ప్రజల్లోకి వెళ్తే చర్చిలు కట్టకట్టుకుని ఎదురుతిరిగాయి, ఓటర్లు కాదన్నారు. బ్రూస్ యాండిల్ అనే ఆర్థికవేత్త 1983లో దీనికి మంచి పేరు పెట్టాడు: దొంగసారా వ్యాపారులు, బాప్టిస్టులు. ఆదివారం సారా అమ్మకూడదని పాస్టరు ప్రసంగిస్తాడు, దుకాణాలు మూతబడితే దొంగసారా అమ్మేవాడు లోలోపల చప్పట్లు కొడతాడు. పందెం నిషేధం ఉన్న ఊళ్లో లోకల్ బుకీ పరిస్థితీ అంతే. మన దగ్గర మద్య నిషేధం రోజులు గుర్తున్నవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

ఫుట్‌బాల్, ఓటు, చర్చి మూడూ ఒకే బ్యాలెట్ మీదకెక్కిన సందర్భం కూడా ఉంది. 2022 డిసెంబర్‌లో జార్జియా సెనేట్ ఎన్నిక. ఒకవైపు 1982లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ గెలిచిన హెర్షల్ వాకర్. ఇంకోవైపు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు రఫాయెల్ వార్నాక్. పాస్టరు దాదాపు మూడు శాతం తేడాతో గెలిచాడు. పక్కనున్న అలబామాలో ఆబర్న్ మాజీ కోచ్ టామీ టూబర్‌విల్ అంతకు రెండేళ్ల ముందే సెనేటరైపోయాడు. కాబట్టి దీన్నుంచి సూత్రం ఏదీ లాగలేం.

సూత్రం లాగబోయినవాళ్లూ ఉన్నారు. ఆ కథ దగ్గర కాస్త ఆగాలి. ఎన్నికకు ముందు పది రోజుల్లో లోకల్ కాలేజీ టీము గెలిస్తే ఆ జిల్లాలో అధికార పార్టీ ఓటు సుమారు 1.6 శాతం పెరుగుతుందని 2010లో హీలీ, మల్హోత్రా, మో అనే ముగ్గురు పరిశోధకులు పేపర్ రాశారు. గెలుపు ముందే ఊహించినదా, హఠాత్తుగా వచ్చిందా తెలుసుకోవడానికి వాళ్లు వాడింది బుకీల స్ప్రెడ్‌నే. పత్రికలు ఎగబడి రాశాయి. ఓటరు ఇంత వెర్రివాడా అని మేధావులు నిట్టూర్చారు. 2015లో ఇంకో ఇద్దరు, ఫౌలర్, మొంటాన్యే, అదే లెక్కను తిరగేశారు. ఫుట్‌బాల్ మీద ఆసక్తి తక్కువున్న చోట్లే ఆ ప్రభావం ఎక్కువ కనబడింది. ఉన్న నాయకుడు మళ్లీ నిలబడకపోయినా అంతే కనబడింది. ఇంకా ఎక్కువ మంది చూసే ప్రొఫెషనల్ ఆటలకు అసలు కనబడలేదు. అది ఓటరు తప్పు కాదు, అంకెల్లో కాకతాళీయంగా పడిన ఆకారం అని తేల్చారు. నాకు ఈ రెండో పేపరే నమ్మబుద్ధవుతుంది.

నోట్‌బుక్ విలువ తెలిసేది ఇక్కడే. నాణెం ఎగరేసి కాసేవాడు కూడా వంద పందేల్లో 55 లేక అంతకన్నా ఎక్కువ గెలిచే అవకాశం ఐదారింట ఒకటి ఉంటుంది. అంటే వంద పందేల రికార్డు చూపించి నేను నిపుణుణ్ని అనేవాడిలో అదృష్టం ఎంతో తెలివి ఎంతో ఇంకా తేలలేదన్నమాట. వెయ్యి కావాలి. ఫుట్‌బాల్‌లో కొన్ని సీజన్లు ఓపిక పడితే వెయ్యి వస్తాయి. అమెరికా అధ్యక్ష ఎన్నికలు 1788 నుంచి 2024 దాకా అన్నీ కలిపితే 60.

మరి ఎన్నికల పందెం మాటేమిటి? అక్కడ పందేన్ని ఒక ఒప్పందంలా సంతలో కొంటారు, అమ్ముతారు. ఆ ఒప్పందం ధర 62 సెంట్లంటే, అభ్యర్థి గెలిస్తే డాలరు వస్తుంది, కాబట్టి గెలిచే అవకాశం 62 శాతమని సంత అనుకుంటోందని అర్థం. 2024లో సర్వేలు సమానం సమానం అంటుంటే పాలీమార్కెట్ అనే పందేల సైట్‌లో ట్రంప్ 60 చుట్టూ ఉన్నాడు, గెలిచాడు. పేరు బయటపెట్టని ఒక ఫ్రెంచ్ వ్యాపారి ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడని వార్తలొచ్చాయి. అతను చేసిన పని తెలివైనదే: మీరు ఎవరికి వేస్తారు అని అడిగితే సిగ్గుపడతారని, మీ పక్కింటివాళ్లు ఎవరికి వేస్తారనుకుంటున్నారు అని సొంత డబ్బుతో సర్వే చేయించాడు. కానీ 2016లో ఇలాంటి సంతలే హిల్లరీ క్లింటన్‌కు 80 శాతం చుట్టూ ఇచ్చాయి. అది తప్పా? 80 శాతం అన్నది ఐదింట ఒకసారి ఓడాల్సిందే. ఓడకపోతేనే అంకె తప్పు. అదే ఎన్నిక ఐదుసార్లు పెట్టి చూడలేం గనక 2016లో సంత తప్పిందనేవాడూ, 2024లో సంతే గెలిచిందనేవాడూ ఇద్దరూ ఒక్కో గింజ పట్టుకుని అన్నం ఉడికిందీ లేనిదీ చెప్తున్నవాళ్లే. ఒకే కుండ అయితే ఒక్క మెతుకు చాలు. ఇక్కడ కుండలు వేరు.

డబ్బు పెడితే నోరు అదుపులోకి వస్తుందన్నది మాత్రం నిజం. అమెరికాలో రెండు పార్టీల అభిమానులను నిరుద్యోగం పెరిగిందా తగ్గిందా లాంటి ప్రశ్నలడిగితే ఎవరి పార్టీకి అనుకూలంగా వాళ్లు చెప్తారు. సరైన జవాబుకు కొద్దిగా డబ్బిస్తామంటే ఆ తేడా బాగా తగ్గింది. తెలియదు అన్నా కొంత ఇస్తామంటే ఇంకా తగ్గింది. 2015లో అచ్చయిన ప్రయోగాలివి. అంటే జనానికి తెలియక కాదు, ఊరికే అయితే జెండా ఊపుతారు. మా కింది వాటా పెద్దాయన కూడా రాజకీయాల్లో జెండా ఊపేవాడు. ఒక శనివారం అడిగేశాను, ఇంత గట్టిగా చెప్తున్నారు కదా, ఎన్నికల మీద ఎంత కాశారు అని. పెన్సిల్ జేబులో పెట్టుకుని, అది పందెం కాసే విషయం కాదు అన్నాడు. తన రాష్ట్రాన్ని ప్రేమించేవాడు తన టీము మీద కాయకూడదని పాత పందెంరాయుళ్లకు ఒక నియమం ఉంటుంది, అలాంటిదే అనుకుంటా.

నలుడి కథలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును రథం మీంచే చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెడతాడు. సరిపోయాకే అక్షహృదయం, అంటే పాచికల విద్య, నేర్పమని అడుగుతాడు. శనివారం ఆటకు చెట్టు అక్కడే ఉంటుంది. ఎన్నికకు నాలుగేళ్లు ఆగాలి. మూడోదానికి దిగి లెక్కపెట్టే చెట్టే లేదు.

అయినా పందెం గణితానికి, దేవుడికి చుట్టరికం పాతది. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచుకోవాలన్న ప్రశ్న మీద 1654లో ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్, పియెర్ ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. ఈరోజు బుకీలు వాడే సంభావ్యత లెక్కలకు మొదలు అదే. కొత్త సమాచారం వచ్చినప్పుడు అంచనా ఎలా మార్చుకోవాలో చెప్పిన థామస్ బేస్ అయితే ఇంగ్లండ్‌లో చర్చి పాస్టరు. పాస్కల్ తర్వాత దేవుణ్ణి కూడా పందెంలా చూపించాడు. ఉన్నాడని నమ్మి ఉంటే అనంతమైన లాభం, లేకపోతే పోయేది కొంచెమే, కాబట్టి నమ్మడమే మేలు అన్నాడు. ఆయన పోయాక 1670లో అచ్చయింది. వృత్తిగా పందెం కాసేవాడు ఈ స్లిప్పు చూడగానే మూడు ప్రశ్నలడుగుతాడు. దేవుళ్లు ఇంతమంది ఉంటే ఉన్నాడు, లేడు అనే రెండింటి మధ్యే పందెమని ఎందుకు అనుకోవాలి? అనంతం ఇస్తానన్నవాడి దగ్గర అంత సొమ్ము ఉందా? తీర్పు ఎప్పుడు? మూడోది అన్నిటికన్నా చెడ్డది. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఎంత మంచి పందానికైనా చేతిలో ఉన్నదంతా పెట్టకూడదు, రేపు ఆడటానికి మిగలాలి. పాస్కల్ పందెంలో పెట్టేది జీవితం మొత్తం, రేపు లేదు.

ఇలా అడిగే మనిషే గెలుస్తున్నన్నాళ్లూ టోపీ ఉతకడు. భీమవరంలో అయితే కుక్కుటశాస్త్రం తిరగేసి ఈవేళ డేగ పుంజా కాకి పుంజా అని వారం, నక్షత్రం చూస్తాడు. మా పెద్దాయన దేవుడు లేడని గంటసేపు వాదించి, నాలుగో క్వార్టర్ మొదలవగానే కుర్చీ మారేవాడు.

ఆ ఉత్తరాలు రాసిన ఏడాదే, 1654 నవంబర్ 23 రాత్రి, పాస్కల్‌కు ఏదో దివ్యానుభూతి కలిగింది. దాన్ని కాగితం మీద రాసి కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకున్నాడు. ఆయన 1662లో చనిపోయాక గానీ అది బయటపడలేదు. పందెం స్లిప్పు మీద ఉన్నట్టే దాని పైన తేదీ ఉంది, రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అని టైము కూడా ఉంది. దాని కింద "అగ్ని" అని ఒక్క మాట, ఆ తర్వాత ప్రార్థన. రేటు ఎక్కడా రాయలేదు.